మూలం, ప్రక్షిప్తం, మాడ్: వీడియో ఆటల చేతి అమరికపై పాఠవిమర్శ దృష్టి

వ్యాససంగ్రహం:
ఒక వీడియో ఆటకు దాని నిర్మాతలు కాక ఆడేవారు తయారుచేసి చేర్చుకొనే మార్పుల సంపుటిని 'మాడ్' అంటారు. సహాయక సాఫ్ట్‌వేర్ ఏదీ లేకుండా, ఫైళ్లను స్వయంగా ఆట ఫోల్డర్‌లో చేర్చి మాడ్‌ను పనిచేయించుకోవడం చేతి అమరిక. ఈ వ్యాసం ఆ ప్రక్రియను పాఠవిమర్శ పరిభాషతో పరిశీలిస్తుంది. డూమ్ (1993), మారోవిండ్ (2002), నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2 (2004), స్కైరిమ్ (2011) ఆటలు ఇందుకు ప్రధాన ఆధారాలు. చేతి అమరిక ఆటగాడిని పరిష్కర్త స్థానంలో నిలబెడుతుందని, అయితే పరిష్కర్తకు అత్యవసరమైన పాఠాంతర పట్టికను అది మిగల్చదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆటలను పరిశోధనాంశంగా స్వీకరించేవారు తాము చదివిన ప్రతిని ఎట్లా ప్రకటించాలన్న ప్రశ్నను చివరలో చర్చిస్తుంది.

కీలకపదాలు: మాడ్, చేతి అమరిక, పాఠవిమర్శ, ప్రక్షిప్తం, లోడ్ క్రమం, రీడ్‌మీ, కర్తృత్వం.

1. ఉపోద్ఘాతం

'మూలం ఏది?' అన్న ప్రశ్న తెలుగు సాహిత్య పరిశోధనకు కొత్తది కాదు. వ్రాతప్రతులను సేకరించి, పండితుల చేత వాటిని సరిపోల్పించి, పాఠాంతరాలను గుర్తింపజేసిన సి.పి. బ్రౌన్ (1798–1884) కాలం నుంచి ఈ ప్రశ్న మన వెంట నడుస్తూనే ఉంది. ఒక కావ్యం మన చేతికి అందేలోగా ఎందరో లేఖకుల చేతులు దానిమీద పడి ఉంటాయి. కొందరు తప్పు దిద్దారు, కొందరు తప్పు చేశారు, కొందరు తమ పద్యాన్ని కవి పద్యాల మధ్య కూర్చోబెట్టారు. వీటిని వేరుచేసి చూడడానికే పాఠవిమర్శ అనే శాస్త్రం ఏర్పడింది.

వీడియో ఆట పైచూపుకు ఇట్లాంటి చిక్కులు లేని వస్తువుగా కనిపిస్తుంది. ఒక సంస్థ దానిని నిర్మించింది, ఒక తేదీన విడుదల చేసింది, కొన్న ప్రతి ఒక్కరికీ ఒకే ఫైళ్లు అందాయి. కానీ వ్యక్తిగత కంప్యూటర్‌పై ఆడే ఆటల విషయంలో ఈ స్థిరత్వం మొదటి రోజుకే పరిమితం. ఆడేవారు ఆ ఫైళ్లను తెరుస్తారు, మారుస్తారు, కొత్తవి చేరుస్తారు, తమ మార్పులను ఇతరులతో పంచుకొంటారు. కొన్నేళ్లు గడిచేసరికి ఒకే పేరుగల ఆట వేర్వేరు ఇళ్లలో వేర్వేరు పాఠాలతో ఉంటుంది.

ఆటల గురించిన విమర్శ సాధారణంగా కథ, పాత్రలు, దృశ్యం, హింస, ఆటగాడి స్వేచ్ఛ వంటి అంశాలపై కేంద్రీకృతమవుతుంది. మాడ్‌ను అమర్చే పని మాత్రం సాంకేతిక సహాయం కిందికి పోతుంది. ఈ విభజన సరైనది కాదని ఈ వ్యాసం వాదిస్తుంది. ఏ ఫైలు ఏ ఫైలును కప్పిందో నిర్ణయించే క్షణంలోనే ఆటగాడి ముందుకు రాబోయే పాఠం నిర్ణయమవుతుంది. కనుక అమరిక కూడా పఠనంలో భాగమే.

2. విడివడిన సమాచారం: డూమ్ చూపిన దారి

1992లో వచ్చిన వుల్ఫెన్‌స్టైన్ 3డి ఆటను కూడా ఆడేవారు మార్చుకొన్నారు. అయితే ఆ మార్పు అసలు ఫైలుపైనే జరిగేది. మారిన తరువాత మూలం మిగలదు. ముందుగా నకలు తీసి దాచుకొన్నవారికే వెనక్కి మళ్లే అవకాశం ఉండేది. తాళపత్రంపై పాత అక్షరాన్ని గీకి కొత్త అక్షరం రాయడం వంటిది ఇది.

1993 డిసెంబర్ 10న ఐడి సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన డూమ్ ఈ స్థితిని మార్చింది. ఆటను నడిపించే ప్రోగ్రామును, ఆటలోని పటాలు, బొమ్మలు, ధ్వనులను వేరుచేశారు. రెండవ వర్గమంతా 'వాడ్' అనే ఫైలులో ఉంటుంది. ఈ ఫైలు మొదటి నాలుగు అక్షరాలే దాని హోదాను చెబుతాయి. ఆట మూల సమాచారమైతే ఐ-వాడ్, దానికి చేర్చే అతుకు అయితే పీ-వాడ్. ఆట ప్రారంభించేటప్పుడు ఆదేశవాక్యంలో పీ-వాడ్ పేరు చేరిస్తే, అందులో ఉన్న పటం అదే పేరుగల మూల పటానికి బదులుగా తెరపైకి వస్తుంది. మూల ఫైలులో ఒక్క అక్షరమూ మారదు.

పాఠవిమర్శ దృష్టిలో ఇది సామాన్యమైన ఏర్పాటు కాదు. మూలాన్ని తాకకుండా దానిపై మరొక పాఠాన్ని పరచడం, కావలసినప్పుడు తొలగించి మూలాన్ని చూడగలగడం పరిష్కర్తలు కోరుకొనే ఆదర్శస్థితి. ఈ ఏర్పాటుకు ఒక హద్దు కూడా ఉండేది. ఉచితంగా పంచిన నమూనా ఆటతో పీ-వాడ్‌లు పనిచేయవు, కొన్న ఆటతోనే పనిచేస్తాయి. మార్చే హక్కును కొనుగోలుతో ముడిపెట్టడం ఆనాడే మొదలైందని గమనించాలి.

3. చేతి అమరిక: క్రమం, స్ఖలితాలు

బెథెస్డా సంస్థ 2011 నవంబర్ 11న విడుదల చేసిన స్కైరిమ్‌ను ఉదాహరణగా తీసుకొంటే చేతి అమరిక స్వరూపం స్పష్టమవుతుంది. దింపుకొన్న జిప్ ఫైలును ముందుగా ఆట ఫోల్డర్‌కు బయట విప్పాలి. లోపల ఏమున్నదో చూడాలి. ఆకృతులకు మెషెస్, పైపూతలకు టెక్స్‌చర్స్, చిన్న ప్రోగ్రాములకు స్క్రిప్ట్స్ అనే ఫోల్డర్లు ఉండవచ్చు. వీటితోపాటు ఈఎస్‌పీ లేదా ఈఎస్ఎమ్ అనే పొడిగింపుగల ప్లగిన్ ఫైలు ఉండవచ్చు. వీటన్నింటినీ ఆట ఫోల్డర్‌లోని 'డేటా' ఫోల్డర్‌లో అదే అమరికతో చేర్చాలి. ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే, పాతదాని స్థానంలో కొత్తది ఉంచమంటారా అని కంప్యూటర్ అడుగుతుంది. అవునో కాదో నిర్ణయించాలి. తరువాత ప్లగిన్‌ను క్రియాశీలం చేసి, ఇతర ప్లగిన్‌ల వరుసలో దానికి తగిన స్థానం ఇవ్వాలి. చివరిగా ఆటను తెరిచి, పాత సేవ్ ఫైలును జాగ్రత్తపరచి, మార్పు కనిపిస్తున్నదో లేదో పరీక్షించాలి.

ఈ క్రమంలో జరిగే పొరపాట్లు లేఖక స్ఖలితాలను పోలి ఉండడం ఆసక్తికరం. డేటా ఫోల్డర్ లోపల మరో డేటా ఫోల్డర్ ఏర్పడితే ఆట దానిని చూడదు, దోషసందేశమూ ఇవ్వదు. మాడ్ ఉన్నట్లే ఉండి లేనట్లవుతుంది. ఒక ప్లగిన్ ఆధారపడిన మాస్టర్ ఫైలు లేకపోతే ఆట ఆరంభంలోనే కుప్పకూలుతుంది. ఆకృతి చేరి పైపూత చేరకపోతే ఆ వస్తువు ఊదారంగులో కనిపిస్తుంది. పాఠం ఉండవలసినచోట లేదని ప్రకటించే ఆ ఊదారంగు, వ్రాతప్రతులలో మనం గ్రంథపాతమని గుర్తించే ఖాళీకి సమానం. వీటిలో మొదటిదే ప్రమాదకరమైనది. కనిపించే లోపాన్ని ఎవరైనా దిద్దుకొంటారు, కనిపించని లోపం పాఠంగానే చలామణి అవుతుంది.

మైన్‌క్రాఫ్ట్ ఆట తొలి సంవత్సరాలలోని చేతి అమరిక ఇంకా నేరుగా సాగేది. ఆట మొత్తం ఒక జార్ ఫైలు. అది నిజానికి జిప్ రూపమే. దానిని తెరిచి మాడ్‌లోని ఫైళ్లను లోపల వేసి, మెటా-ఇన్ఫ్ అనే ఫోల్డర్‌ను తొలగించమని సూచనలు చెప్పేవి. ఆ ఫోల్డర్‌లో ఉండేవి అసలు ఫైళ్లకు సంబంధించిన సంతకాలు. ఫైలు మారిన తరువాత సంతకం సరిపోలదు కనుక ఆట తెరుచుకోదు. అంటే, మూలకర్త ముద్రను తీసివేస్తే తప్ప కొత్త పాఠం పలకదు. ఆ సూచనను అనుసరించిన వేలాది బాలబాలికలకు తాము చేస్తున్నది ఇదని తెలియకపోవచ్చు. కానీ ఆ ఒక్క తొలగింపులో ప్రామాణికత అనే భావన అంతా ఇమిడి ఉంది.

4. రెండు తరహాల పాఠసంఘర్షణ

రెండు మాడ్‌లు ఒకే అంశాన్ని మార్చినప్పుడు సంఘర్షణ ఏర్పడుతుంది. దీనిలో రెండు స్థాయులున్నాయి.

మొదటిది ఫైలు స్థాయి. ఒకే పేరుగల రెండు పైపూతలలో చివరగా చేర్చినదే మిగులుతుంది, ముందుది డిస్కు నుంచి పోతుంది. రెండవది నమోదు స్థాయి. ప్లగిన్‌లో ఒక పాత్ర, ఒక ఆయుధం, ఒక సంభాషణ ఒక్కొక్క నమోదుగా ఉంటుంది. ఒక మాడ్ ఒక గ్రామస్థురాలి ముఖాన్ని మారుస్తుందనుకొందాం. మరొక మాడ్ ఆమె దగ్గర ఉండే వస్తువులను మారుస్తుంది. ఈ రెండూ పరస్పర విరుద్ధమైనవి కావు. అయినా లోడ్ క్రమంలో తరువాత ఉన్న ప్లగిన్ తన నమోదును మొత్తంగా ప్రవేశపెడుతుంది. ముఖమో, వస్తువులో, ఏదో ఒకటే దక్కుతుంది. ఇక్కడ ఫైళ్లు రెండూ భద్రంగానే ఉంటాయి, ఓడిపోయినది వాటిలోని ఒక పాఠం మాత్రమే.

ఈ లోడ్ క్రమాన్ని నిర్ణయించిన తీరు కూడా మారుతూ వచ్చింది. మారోవిండ్, దాని తరువాతి ఆబ్లివియన్ (2006) ఆటలలో ఫైలు తేదీయే క్రమానికి ఆధారం. తరువాతి తేదీ గలది తరువాత చేరుతుంది, కనుక గెలుస్తుంది. తమ మాడ్ గెలవాలనుకొన్నవారు ఫైలు తేదీని మార్చేవారు. స్కైరిమ్ ప్రత్యేక సంచిక (2016) నాటికి ఈ క్రమం ప్లగిన్స్ అనే ఒక సాధారణ పాఠ్య ఫైలులో పంక్తులుగా నమోదవుతున్నది. పేరుకు ముందు నక్షత్ర గుర్తు ఉంటే ఆ ప్లగిన్ క్రియాశీలమని అర్థం. ఆటలోని ప్రతి నమోదుకు ఎనిమిది అంకెల షోడశమాన సంఖ్య ఉంటుంది. అందులో మొదటి రెండు అంకెలు ఆ నమోదు ఏ ప్లగిన్ నుంచి వచ్చిందో చెబుతాయి. రెండు అంకెలతో 256 స్థానాలకు మించి సాధ్యం కాదు కనుక ప్లగిన్‌ల సంఖ్యకు సహజమైన హద్దు ఏర్పడింది. ఒక వాక్యం ఏ ప్రతి నుంచి వచ్చిందో ఆ వాక్యం నెత్తినే రాసి ఉండడం వంటి సౌకర్యం ఇది. మన వ్రాతప్రతులకు ఆ భాగ్యం లేదు.

సంఘర్షణను పరిష్కరించడానికి అభిమానులు తయారుచేసిన పరికరాలు గమనార్హమైనవి. ఎక్స్‌ఎడిట్ అనే పరికరం ఒకే నమోదుకు వివిధ ప్లగిన్‌లు ఇచ్చిన రూపాలను పక్కపక్క నిలువు వరుసలలో చూపిస్తుంది, ఏది గెలిచిందో రంగుతో గుర్తిస్తుంది. ఇది అక్షరాలా పాఠాంతర పట్టిక. ఆ పట్టికను చూసి, ముఖాన్ని ఒకదాని నుంచి, వస్తువులను మరొకదాని నుంచి తీసుకొని కొత్త అతుకును కూర్చేవారు ఉన్నారు. పాఠసమన్వయమంటే ఇదే.

5. రీడ్‌మీ: ఒక అవతారిక

చేతి అమరికకు తోడుగా వచ్చే సాహిత్యరూపం రీడ్‌మీ ఫైలు. మాడ్‌తో కలిసి ప్రయాణించే ఈ చిన్న రచనను ఒక ప్రక్రియగా గుర్తించవలసి ఉంది. దానికి స్థిరమైన అంగాలున్నాయి. మాడ్ పేరు, సంచిక, విషయపరిచయం, కావలసిన పూర్వసామగ్రి, అమర్చే విధానం, తొలగించే విధానం, పొసగని మాడ్‌ల జాబితా, తెలిసిన దోషాలు, కృతజ్ఞతలు, అనుమతులు. చదివినవారికి మన కావ్యాల అవతారిక స్ఫురించడం సహజం. ఇష్టదేవతాస్తుతి ఉండదు గాని పూర్వకవిస్తుతి తప్పకుండా ఉంటుంది. ఎవరి ఆకృతిని, ఎవరి పైపూతను వాడుకొన్నారో పేరు పేరునా చెప్పడం మాడ్ లోకపు మర్యాద. ఆ మర్యాద తప్పినవారిని తీవ్రంగా నిందించే సంప్రదాయమూ ఉంది.

రీడ్‌మీకి లేఖకుని చివరిమాటతోనూ పోలిక ఉంది. చూసిన ప్రతిలో ఉన్నట్లే రాశానని, దోషం తనపై మోపవద్దని మన లేఖకులు ప్రతి చివర వేడుకొనేవారు. మాడ్‌కర్త కూడా తన మాడ్ వల్ల కలిగే నష్టానికి తాను బాధ్యుడు కాడని చెబుతాడు. అయితే భేదం గమనించాలి. లేఖకుడు తాను ఏమీ మార్చలేదని చెప్పి తప్పించుకొంటాడు. మాడ్‌కర్త తాను మార్చానని ఒప్పుకొని, ఆ మార్పును స్వీకరించడం చదువరి ఇష్టమని చెబుతాడు. ప్రక్షిప్తకర్త తన పేరు దాచుకోవడం మన సంప్రదాయంలో కనిపిస్తే, ఇక్కడ ప్రక్షిప్తకర్త తన పేరు చెప్పుకొంటాడు. ఈ ఒక్క మార్పుతో ప్రక్షిప్తం అనే మాటలోని నింద చాలావరకు తొలగిపోతుంది.

'తొలగించే విధానం' అనే అంగం మరింత ఆలోచింపజేస్తుంది. తన రచనను పాఠం నుంచి తీసివేయడమెట్లాగో తానే చెప్పే రచయిత సాహిత్యచరిత్రలో అరుదు. అయితే ఈ హామీ అన్నివేళలా నిలవదు. స్కైరిమ్‌లో స్క్రిప్టులున్న మాడ్‌ను ఆట మధ్యలో తొలగిస్తే, దాని అవశేషాలు సేవ్ ఫైలులో మిగిలి ఉంటాయి. ఒకసారి చదివినది చదవనట్లు చేసుకోలేమన్న సత్యం ఇక్కడ సాంకేతిక రూపం దాల్చింది.

6. పూరణ, సవరణ, ఊహ

మాడ్‌లన్నీ ఒకే తరగతికి చెందవు. పాఠవిమర్శకు అత్యంత సన్నిహితమైనవి పూరణ మాడ్‌లు. అబ్సిడియన్ సంస్థ నిర్మించిన నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2, 2004 డిసెంబర్‌లో ఎక్స్‌బాక్స్‌పై, 2005లో కంప్యూటర్‌పై వచ్చింది. నిర్మాణకాలం చాలక చివరి భాగం కుంటుపడింది. వదిలివేసిన సంభాషణలు, దృశ్యాలు మాత్రం ఆట ఫైళ్లలో మిగిలిపోయాయి. అభిమానులు ఆ అవశేషాలను వెదికి, కూర్చి, 'రీస్టోర్డ్ కంటెంట్' మాడ్‌గా రూపొందించారు. హెచ్‌కే యంత్రభటుల కర్మాగార ఘట్టం అట్లా తిరిగి పాఠంలోకి వచ్చింది.

తెలుగువారికి పూరణ అనగానే నన్నయ విడిచిన అరణ్యపర్వశేషం గుర్తుకు వస్తుంది. ఎర్రన దానిని పూరించి, కృతిని రాజరాజనరేంద్రునికే అంకితం చేసి, నన్నయ శైలి నుంచి తన శైలికి చదువరి గుర్తించలేనంత మెల్లగా నడిపించాడు. పోలిక ఇంతవరకే. ఎర్రనకు వ్యాసభారతం ఆధారంగా ఉంది, పద్యం మాత్రం ఆయనదే. పూరణ మాడ్‌కర్తలకు నిర్మాతలు విడిచిన మాటలే, కంఠధ్వనులతో సహా, లభించాయి. వారు చేసినది కర్త వదిలిన చిత్తుప్రతిని పరిష్కరించడానికి దగ్గరగా ఉంటుంది. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. నిర్మాతలు సమయం చాలక వదిలినది, బాగాలేదని వదిలినది ఒకే ఫోల్డర్‌లో పక్కపక్కనే ఉంటాయి. వాటిని వేరుచేయడానికి ఫైలు సాక్ష్యం చాలదు, విమర్శకుని వివేకం కావాలి. ఎం4-78 అనే గ్రహఘట్టాన్ని ఈ మాడ్‌లో కలపకుండా వేరొక మాడ్‌గా ఉంచడం అటువంటి వివేకానికి గుర్తు.

ఇదే వివేకం మరొక రూపంలో వాంపైర్: ది మాస్కరేడ్ – బ్లడ్‌లైన్స్ (2004) ఆట అనధికారిక ప్యాచ్‌లో కనిపిస్తుంది. ఆట విడుదలైన కొద్ది నెలలకే నిర్మాణసంస్థ ట్రోయికా మూతపడింది. దోషాలను దిద్దే బాధ్యత అభిమానుల చేతికి వచ్చింది. ఆ ప్యాచ్‌ను అమర్చేటప్పుడు రెండు మార్గాలు ఎదురవుతాయి. ఒకటి ప్రాథమికం, దోషాలను మాత్రమే దిద్దుతుంది. రెండవది ప్లస్, వదిలివేసిన అంశాలను చేర్చి కొన్ని మార్పులు చేస్తుంది. సవరణ ఎక్కడ ముగుస్తుందో, ఊహ ఎక్కడ మొదలవుతుందో చదువరికి ముందే చెప్పి, ఎంపికను చదువరికే వదిలిన ఈ పద్ధతిని మన పరిష్కర్తలు కూడా మెచ్చుకొంటారు.

నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2లో చేతి అమరిక జరిగే ఫోల్డర్ పేరు 'ఓవర్‌రైడ్'. మూలాన్ని తోసిరాజనే అధికారం పేరులోనే ఉంది. అందులో వేసిన ఫైలు మూలభాండాగారంలోని ఫైలుకు బదులుగా పలుకుతుంది. అయితే పాత్రల రూపాలన్నీ ఒకే పట్టికలో ఉంటాయి. రెండు మాడ్‌లు తమ తమ పట్టికలను తెస్తే రెండవది మొదటిదాన్ని పూర్తిగా చెరిపేస్తుంది. అందుకే పట్టిక మొత్తాన్ని మార్చకుండా అందులో కొత్త వరుసను మాత్రమే చేర్చే చిన్న పరికరాన్ని అభిమానులు తయారుచేశారు. ప్రతిని తిరగరాయడం నుంచి ప్రతిలో పంక్తిని చేర్చడం వైపు సాగిన ఈ పరిణామం మాడ్ సంస్కృతి నేర్చుకొన్న వినయం.

7. అనుమతి, ధర, ఉపసంహరణ

మాడ్‌కర్తృత్వపు బలహీనతలు 2015 ఏప్రిల్‌లో బయటపడ్డాయి. ఏప్రిల్ 23న వాల్వ్, బెథెస్డా సంస్థలు స్కైరిమ్ మాడ్‌లను స్టీమ్ వర్క్‌షాప్‌లో ధరకు అమ్మే ఏర్పాటు చేశాయి. అమ్మకంలో మాడ్‌కర్తకు 25 శాతం వాటా. ఆటగాళ్ల నుంచి తీవ్రమైన నిరసన వచ్చింది. నాలుగు రోజులకే ఆ ఏర్పాటును ఉపసంహరించారు. ధర ఒక్కటే ఇక్కడ సమస్య కాదు. చేపలు పట్టే మాడ్ ఒకటి మరొక కర్త చలనాల మాడ్‌పై ఆధారపడిందన్న వివాదంలో అమ్మకం నుంచి తొలగింది. రీడ్‌మీలోని పూర్వకవిస్తుతి ఉచితలోకంలో మర్యాదగా సరిపోయింది. ధర రాగానే అదే స్తుతి హక్కుపత్రం కావలసి వచ్చింది.

2021లో నెక్సస్ మాడ్స్ సంస్థ మరొక ప్రశ్నను ముందుకు తెచ్చింది. ఒక మాడ్‌ను చేర్చిన తరువాత దాని కర్త దానిని శాశ్వతంగా తొలగించడానికి వీలులేదని, భాండాగారంలో మాత్రమే ఉంచవచ్చని నియమం చేసింది. అనేక మాడ్‌లను ఒక్క గుచ్ఛంగా అందించే పద్ధతికి ఇది అవసరమని సంస్థ భావించింది. కొందరు కర్తలు గడువులోగా తమ రచనలను ఉపసంహరించుకొన్నారు. పరిరక్షణ దృష్టితో చూసేవారికి సంస్థ వాదం బలంగా తోస్తుంది. ఒక గుచ్ఛంలో ఒక్క మాడ్ మాయమైతే దానిపై ఆధారపడినవన్నీ కూలుతాయి. కానీ తన రచనను వెనక్కి తీసుకొనే హక్కు రచయితకు లేదని చెప్పేముందు, ఆ రచయితకు ఆ రచనపై వేతనం కూడా లేదని గుర్తుంచుకోవాలి. ఇచ్చిన దానం తిరిగి అడగరాదన్న నీతి దాతకు చెప్పవలసిందే గాని, భాండాగారికుడు తనంత తాను దానిని శాసనం చేసుకోవడం సబబు కాదు.

8. చేతి పద్ధతి విలువ, పరిమితి

చేతి అమరికను సమర్థించేవారు సాధారణంగా చెప్పే కారణం జ్ఞానం. స్వయంగా అమర్చినవారికి ఆట నిర్మాణం తెలుస్తుంది, దోషం వచ్చినప్పుడు ఎక్కడ వెదకాలో తెలుస్తుంది. ఇది నిజం. స్కైరిమ్ స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్‌ను చేతితో అమర్చినవారికి, దాని ప్రధాన ఫైళ్లు డేటా ఫోల్డర్‌లో కాక ఆటను నడిపే ప్రోగ్రాము పక్కనే ఎందుకు ఉండాలో బోధపడుతుంది. అది ఆట సమాచారాన్ని గాక నడుస్తున్న ఆట ప్రోగ్రామునే పొడిగిస్తుంది. 2021 నవంబర్ 11న ఆట నవీకరణ రాగానే దానిపై ఆధారపడిన మాడ్‌లు ఎందుకు ఆగిపోయాయో కూడా వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఈ సమర్థనలో ఒక లోపం ఉంది. చేతి అమరిక జ్ఞానాన్ని ఆటగాడి జ్ఞాపకంలో ఉంచుతుంది, ఫోల్డర్‌లో ఉంచదు. ఇరవై మాడ్‌లను ఒకే డేటా ఫోల్డర్‌లో కలిపిన తరువాత ఏ పైపూత ఎవరిదో ఆ ఫోల్డర్ చెప్పలేదు. కప్పబడిన పాఠం పోయింది. ఆరునెలల తరువాత ఆ ఆటగాడు సైతం తన ప్రతి చరిత్రను చెప్పలేడు. ఏ పాఠాన్ని ఎందుకు స్వీకరించాడో రాసిపెట్టని పరిష్కర్త ఎంత పండితుడైనా, తరువాతి పరిశోధకునికి అతడు మరొక లేఖకుడు మాత్రమే.

దీనికి భిన్నంగా మాడ్ ఆర్గనైజర్ వంటి నిర్వాహక సాఫ్ట్‌వేర్ ప్రతి మాడ్‌నూ దాని సొంత ఫోల్డర్‌లో ఉంచి, ఆట నడిచేటప్పుడు మాత్రమే అన్నీ ఒకేచోట ఉన్నట్లు చూపిస్తుంది. డేటా ఫోల్డర్ చెక్కుచెదరదు. ఏ మాడ్ ఏ మాడ్‌ను కప్పిందో జాబితా మిగులుతుంది. డూమ్ పీ-వాడ్ ఆదర్శం ఇక్కడ తిరిగి సిద్ధించింది. కనుక యంత్రసహాయమంతా అజ్ఞానానికి దారి అనడం పొరపాటు. పొరలను విడివిడిగా ఉంచి చూపించే సాధనం ఒకటి, పొరలున్నాయన్న సంగతినే దాచే సాధనం మరొకటి. ఒక్క మీట నొక్కితే వందల మాడ్‌ల గుచ్ఛం దిగే పద్ధతి రెండవ తరగతికి చేరువవుతుంది. అక్కడ ఎంపికలన్నీ గుచ్ఛకర్తవి, ఆటగాడికి రీడ్‌మీ కూడా కనిపించదు. అది పరిష్కరణ కాదు, పీఠిక చింపిన పరిష్కృత ప్రతి.

9. పరిశోధకులకు వర్తించే అంశాలు

ఆటలను సాహిత్య, సాంస్కృతిక అధ్యయనాలలో చేర్చుకొనే పరిశోధకులకు ఈ చర్చ ఒక బాధ్యతను గుర్తుచేస్తుంది. భారతం నుంచి ఒక శ్లోకాన్ని ఉదాహరించేవారు అది ఏ ముద్రణలోనిదో చెప్పకపోతే మనం ఒప్పుకోము. 1919లో ఆరంభమై 1966లో పూర్తయిన భండార్కర్ సంస్థ పరిష్కరణ మనకు ఆ క్రమశిక్షణను నేర్పింది. స్వీకరించిన పాఠం పైన, తిరస్కరించిన పాఠాలు కింద, దీర్ఘమైన ప్రక్షిప్తాలు అనుబంధంలో. తిరస్కరించిన దానిని కూడా చెరిపేయకపోవడమే ఆ పరిష్కరణ గొప్పతనం. ఆట విషయంలో మాత్రం పేరు, సంవత్సరం చెప్పి ఊరుకోవడం పరిపాటి. ఒక పాత్ర సంభాషణను విశ్లేషించే పరిశోధకుడు ఆ సంభాషణ మూలంలోనిదా, పూరణ మాడ్‌లోనిదా అన్నది చెప్పకపోతే విశ్లేషణ మొత్తం సందేహాస్పదమవుతుంది.

కనుక సిద్ధాంతవ్యాసాలలో కనీసం నాలుగు విషయాలు ప్రకటించడం అవసరం. ఆట సంచిక సంఖ్య, అమర్చిన మాడ్‌ల పేర్లు, వాటి సంచికలు, లోడ్ క్రమం. ప్లగిన్స్ అనే ఫైలు నకలును అనుబంధంగా చేర్చితే ప్లగిన్‌ల వరుస అందులోనే దొరుకుతుంది. ప్లగిన్ లేని పైపూత మాడ్‌లను మాత్రం విడిగా రాయాలి. చేతితో అమర్చేవారు ప్రతి అమరికకు ముందు ఫోల్డర్ నకలు తీసి, మార్పును ఒక దినచర్య పుస్తకంలో నమోదు చేసుకోవాలి.

తెలుగుకు సంబంధించి మరొక మాట. స్కైరిమ్ అధికారిక భాషలలో తెలుగు లేదు. ఆ ఆట సంభాషణల పాఠం విడి ఫైళ్లలో ఉంది కనుక అనువాద మాడ్ అన్న ఆలోచన అసంగతం కాదు. కానీ సంకేతానికి ఒక బొమ్మ చొప్పున వరుసగా పేర్చే అక్షరప్రదర్శన వ్యవస్థలకు ఒత్తులు, గుణింతాలు కలిసి రూపం మార్చుకొనే తెలుగు లిపి లొంగదు. అటువంటిచోట పదాలను అనువదించడంతో పని పూర్తికాదు, లిపిని పలికించే యంత్రాంగాన్ని కూడా మార్చాలి. భాషావేత్తలు, కంప్యూటర్ నిపుణులు కలిసి చేయదగిన పరిశోధన ఇది.

10. ముగింపు

చేతి అమరికను పాఠవిమర్శ దృష్టితో పరిశీలించినప్పుడు కింది అంశాలు తేలుతున్నాయి.

మాడ్‌తో కూడిన ఆట ఒక స్థిరపాఠం కాదు, లోడ్ క్రమం ద్వారా ప్రతిసారీ నిర్మితమయ్యే పాఠం. ఆ క్రమాన్ని నిర్ణయించే ఆటగాడు పరిష్కర్త పాత్రను నిర్వహిస్తున్నాడు.

రీడ్‌మీ ఫైలు అవతారిక, లేఖకుని చివరిమాట అనే రెండింటి ధర్మాలనూ నిర్వహించే ప్రత్యేక రచనారూపం. పేరు చెప్పుకొనే ప్రక్షిప్తాన్ని అది సాధ్యం చేసింది.

పూరణ, సవరణ, ఊహ అనే భేదాలను మాడ్‌కర్తలు ఆచరణలో గుర్తించారు. ఆ గుర్తింపును విమర్శ కూడా స్వీకరించాలి.

చేతి పద్ధతి అవగాహనను ఇస్తుంది గాని సాక్ష్యాన్ని మిగల్చదు. పొరలను విడిగా నిలిపే నిర్వాహక సాధనం సాక్ష్యాన్ని మిగిల్చినా అవగాహనకు హామీ ఇవ్వదు. మొదట చేతితో నేర్చుకొని, తరువాత పొరలను కాపాడే సాధనంలో పనిచేసి, చేసిన ఎంపికలను రాసిపెట్టడం పరిశోధకునికి తగిన మార్గం.

మన పూర్వులు అందించిన ప్రతులలో ఏ అక్షరం ఎవరిదో తేల్చలేక రెండు వందల ఏళ్లుగా శ్రమిస్తున్నాం. మన కళ్లెదుట తయారవుతున్న ఈ కొత్త ప్రతుల చరిత్రను రాసిపెట్టడానికి కావలసిన ఆధారాలన్నీ ఇంకా కంప్యూటర్లలోనే ఉన్నాయి. ఒక నవీకరణతోనో, ఒక తొలగింపుతోనో అవి కనుమరుగు కాకముందే ఆ పని మొదలుపెట్టాలి.